దారి పక్క దేవుళ్లు: జపాన్ చిన్న గుళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లోని పెద్ద గుళ్ల గురించి తెలుగులో చాలామందే రాశారు. సందు మలుపులోనో, పొలం గట్టునో, రెండు దుకాణాల మధ్య ఇరుక్కునో కనిపించే మోకాలెత్తు గుళ్ల గురించి రాసినవారు తక్కువ. జపనీస్ నేర్చుకునేవారు, చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లినవారు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క మాట చాలు, కొన్నిటికి కథ చెప్పక తప్పదు.

ఈ చిన్న గుళ్లను జపనీస్‌లో ఏమంటారు?

అన్నిటికీ సరిపోయే ఒకే మాట లేదు. ఎక్కువగా వినిపించేది ‘హొకొర’. చిన్న పైకప్పు, దాని కింద ఒక గూడు, గూటికి తలుపులు, లోపల దేవుడు. చెక్కతో కట్టినా రాతిలో తొలిచినా అది హొకొరే. ఈ మాట ‘హొకుర’ నుంచి వచ్చిందని చెబుతారు. హొకుర అంటే దేవుడి వస్తువులు దాచే ఎత్తయిన కొట్టు. 720లో పూర్తయిన ‘నిహొన్ షొకి’ అనే చరిత్ర గ్రంథంలో దీని గురించి ఒక ముచ్చట ఉంది. వయసు మళ్లిన రాకుమారుడు ఒకడు ఆ కొట్టు బాధ్యతను చెల్లెలికి అప్పగించబోతాడు. ‘ఆడదాన్ని, అంత ఎత్తు ఎలా ఎక్కను’ అంటుంది ఆమె. ‘నిచ్చెన చేయిస్తాను’ అంటాడు అన్న. ‘నిచ్చెన ఉంటే దేవుడి కొట్టయినా ఎక్కవచ్చు’ అనే సామెత ఇక్కడే పుట్టిందని ఆ గ్రంథం చెబుతుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన కట్టడం పేరు, కాలం గడిచేసరికి వంగి చూడాల్సిన గుడికి వచ్చి చేరింది.

‘యషిరొ’ ఇంకో పాత మాట. ‘య’ అంటే ఇల్లు, ‘షిరొ’ అంటే దాని కోసం ఉంచిన చోటు. దేవుడు వచ్చినప్పుడు ఇల్లు కట్టడానికి కేటాయించిన స్థలం అన్నమాట. దేవుడు ఏడాది పొడవునా ఒకే ఇంట్లో కాపురముంటాడనే ఊహ తర్వాతి కాలానిది. పూజారి, ఆవరణ, పండుగలు ఉన్న షింటో (జపాన్ సంప్రదాయ మతం) గుడి అయితే ‘జింజ’. బౌద్ధ విగ్రహానికి కట్టిన చిన్న మండపమైతే చివర ‘దో’ చేరుతుంది, ‘జిజో-దో’ అన్నట్టు.

వీధిలో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ వర్గీకరణ ఎవరికీ పట్టదు. గుడిని దేవుడి పేరుతోనే పిలుస్తారు. ‘ఆ ఒజిజోసన్ దగ్గర కుడివైపు తిరగండి’, ‘ఒఇనారిసన్ పక్క ఇల్లే మాది’ అంటారు. ముందున్న ‘ఒ’, చివరనున్న ‘సన్’ రెండూ గౌరవం కోసమే. అమ్మవారు, స్వామివారు అనేటప్పుడు మన ‘వారు’ చేసే పని అక్కడ ‘సన్’ చేస్తుంది.

ఈ పేర్లను తెలుగులో ఎలా రాయాలి?

విన్నట్టే రాయండి. జపనీస్‌లో హ్రస్వమైన ఒ, దీర్ఘమైన ఓ వేర్వేరు. ఇంగ్లీషు లిపిలో అక్షరం నెత్తిన గీత గీసి తిప్పలు పడతారు. మనకు రెండింటికీ వేర్వేరు అక్షరాలున్నాయి. హొకొరలో మూడూ హ్రస్వాలే, జిజోలో రెండోది దీర్ఘం, ‘దోసొజిన్’లో మొదటిది దీర్ఘం, రెండోది హ్రస్వం. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం.

లోపల ఏముంటుంది? తలుపు తీసి చూడవచ్చా?

చూడకూడదు. విగ్రహమే ఉండాలన్న నియమం లేదు. రాయి, అద్దం, పెద్ద గుడి నుంచి తెచ్చిన చెక్క లేదా కాగితపు రక్షరేకు, ఏదైనా ఉండవచ్చు. దేవుడు ఆవహించే ఆ వస్తువును ఎవరికీ చూపకపోవడమే ఆచారం.

చూసినవాడు ఒకడున్నాడు. 2024 దాకా పదివేల యెన్ల నోటు మీద బొమ్మగా ఉన్న ఫుకుజవ యుకిచి, కెయియో విశ్వవిద్యాలయ స్థాపకుడు. చిన్నతనంలో తమవాళ్ల ఇంట ఉన్న ఇనారి అనే వరి దేవుడి గుడి తలుపు తీశానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. లోపల ఒక రాయి కనిపించిందట. దాన్ని పారేసి ఇంకో రాయి ఏరుకొచ్చి పెట్టాడు. పొరుగింటి గుడిలో చెక్క పలక ఉంటే దాన్నీ తీసి విసిరేశాడు. పండుగ రోజున పెద్దలు జెండాలు కట్టి, డోలు వాయించి, తాను పెట్టిన రాయికి సాకె (బియ్యంతో చేసే మద్యం) నైవేద్యం పెడుతుంటే లోలోపల నవ్వుకున్నాడు. హేతువాదులు ఈ కథను ఇష్టంగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో తోచేది వేరు. రాయి మారినా పండుగ మాత్రం ఆగలేదు.

గుండు తల, ఎర్ర గుడ్డ... ఈ రాతి విగ్రహం ఎవరిది?

జిజో. జపాన్ దారుల్లో అందరికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఈయనే. బోధిసత్వుడే అయినా కిరీటం, ఆభరణాలు ఉండవు. మామూలు సన్న్యాసిలా గుండు, ఒక చేతిలో ఉంగరాలు వేలాడే కర్ర, ఇంకో చేతిలో మణి. ఎండకూ వానకూ అరిగిపోయి కొన్నిచోట్ల ముక్కూ కళ్లూ కూడా మిగలవు, గుండ్రటి రాయి మాత్రం ఉంటుంది. మెడలో గుడ్డను బట్టే జిజో అని పోల్చుకోవాలి.

ఆ గుడ్డ పసిపిల్లలకు చొంగ కారి బట్టలు తడవకుండా మెడకు కట్టేది. తల్లిదండ్రుల కన్నా ముందే చనిపోయిన పిల్లలు ‘సాయి నొ కవర’ అనే నదీతీరంలో ఉండిపోతారని జపాన్‌లో ఒక నమ్మకం. వాళ్లు ‘ఇది నాన్నకు, ఇది అమ్మకు’ అంటూ రాళ్లు పేర్చి గోపురం కడుతూ ఉంటే రాక్షసులు వచ్చి పడగొడతారు. మళ్లీ కడతారు, మళ్లీ పడగొడతారు. చివరికి జిజో వచ్చి పిల్లలను తన అంగీ చాటున దాచుకుంటాడు. విగ్రహం కాళ్ల దగ్గర ఒకదానిమీద ఒకటి నిలబెట్టిన గులకరాళ్లు కనిపిస్తే, అవి సరదాకు పేర్చినవి అనుకోవద్దు. ఆ పిల్లల పని కొంత తగ్గాలని ఎవరో పెట్టి ఉంటారు. కాలు తగలకుండా పక్కనుంచి వెళ్లండి.

ఎరుపు ఎందుకంటే, ఆ రంగు చెడును తరుముతుందని పాత నమ్మకం. ఎదొ కాలంలో (1603–1868) మశూచి సోకిన పిల్లల చుట్టూ ఎర్రటి బొమ్మలు, ఎర్రటి బట్టలు ఉంచేవారు. పుట్టకుండానే పోయిన బిడ్డల కోసం జిజో విగ్రహం నిలబెట్టడం 1970ల నుంచి బాగా పెరిగింది. టోక్యోలోని జోజోజి గుడిలో వరుసగా నిలబెట్టిన చిన్న జిజోలు, వాటి పక్కన గాలికి తిరిగే రంగురంగుల కాగితపు చక్రాలు చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆరు జిజోలు ఒకే వరుసలో ఉంటే అవి బౌద్ధం చెప్పే ఆరు లోకాలకు గుర్తు. శ్మశానాల వాకిట్లో ఎక్కువగా ఉంటాయి. ఒక ముసలాయన అమ్ముడుపోని గడ్డి టోపీలను మంచులో తడుస్తున్న ఆరు జిజోలకు పెట్టి, ఒకటి తక్కువైతే తన తలగుడ్డ విప్పి కట్టిన కథ జపాన్‌లో ప్రతి పిల్లవాడికీ తెలుసు.

వీళ్లు మన దేవుళ్లేనా?

కొందరి విషయంలో దారి స్పష్టంగా కనిపిస్తుంది. జిజో అంటే క్షితిగర్భుడు. ‘జి’ నేల, ‘జో’ భాండారం. సంస్కృత నామాన్ని చైనావారు అర్థాన్ని బట్టి అనువదిస్తే, దాన్ని జపనీయులు తమ ఉచ్చారణతో తీసుకున్నారు. జిజో మంత్రం ‘ఓన్ కకక బిసన్మఎయి సొవక’. నాలుగుసార్లు మెల్లగా చదివి చూడండి: ‘ఓం హ హ హ విస్మయే స్వాహా’. కొన్ని రాళ్ల మీద బొమ్మ ఉండదు, సంస్కృత మంత్రాలు రాసే ‘సిద్ధం’ అనే పాత లిపిలో ‘హ’ అనే బీజాక్షరం ఒక్కటే చెక్కి ఉంటుంది. ఆ లిపీ మన తెలుగు లిపీ బ్రాహ్మీ కొమ్మలే.

పాత బండి దారుల పక్కన కిరీటంలో గుర్రం తల ఉన్న విగ్రహం కనిపిస్తే అది ‘బతో కన్నొన్’, అంటే హయగ్రీవుడు. విష్ణువు అవతారంగా మనకు తెలిసిన హయగ్రీవుడు కాడు, అవలోకితేశ్వరుడనే బోధిసత్వుడి రూపం. జపాన్‌లో ఈయన పని ఇంకా మారిపోయింది. బరువులు మోస్తూ దారిలో కూలిన గుర్రాల కోసం, వాటి యజమానులు ఈ రాళ్లు నిలబెట్టారు. మనకు చదువుల దేవుడైన హయగ్రీవుడి పేరు అక్కడ చాకిరీ గుర్రానికి దిక్కయింది. చెరువుల నడుమ చిన్న దిబ్బ మీద కనిపించే ‘బెన్‌జైతెన్’ మన సరస్వతి. ‘ఎన్మ’ అంటే యముడు, ఆయన అసలు రూపం జిజోయేనని కూడా ఒక నమ్మకం.

షింటో గుడి ముందుండే ‘తొరీ’ అనే ద్వారం మన తోరణమే కదా అని తప్పకుండా అడుగుతారు. పోలిక ఉంది, పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. జపనీస్‌లో ఆ మాటను ‘పక్షి ఉండే చోటు’ అనే అర్థమిచ్చే అక్షరాలతో రాస్తారు. ప్రతి రాయిలోనూ మన దేవుణ్ణి వెతికితే, ఎక్కడినుంచీ రాకుండా అక్కడే పుట్టిన దేవుళ్లు కంటబడకుండా పోతారు. తర్వాతి జవాబు వాళ్ల గురించే.

చేతులు పట్టుకుని నిలబడిన ఆడా మగా రాయి ఏమిటి?

దోసొజిన్, దారి దేవుళ్లు. ఊరి పొలిమేరలో కాపలా ఉండి రోగాలను, దుష్టశక్తులను లోపలికి రానివ్వరు. వీళ్ల పాత పేరు ‘సాయె నొ కమి’, అడ్డుకునే దేవుడు. 712 నాటి కొజికి గ్రంథంలో, చనిపోయిన భార్య ఇజనమి కోసం పాతాళానికి వెళ్లిన ఇజనగి, ఆమె కుళ్లిన రూపం చూసి పారిపోయి వస్తూ దారికి అడ్డంగా పెద్ద బండ పెడతాడు. ఆ బండ కూడా దేవుడే అయింది.

అడ్డుకునే దేవుడు జంటగా మారి, పెళ్లిళ్లకూ సంతానానికీ కూడా పెద్దదిక్కు కావడం జనం చేసిన చిత్రం. నగానొ ప్రాంతంలోని అజుమినొలో ఇలాంటి రాతి జంటలు సుమారు 400 ఉన్నాయి. కొన్ని చేతులు కలుపుకుని, కొన్ని సాకె గిన్నె అందించుకుంటూ ఉంటాయి. అక్కడ ఒకప్పుడు ఒక ఊరి దోసొజిన్‌ను ఇంకో ఊరివాళ్లు రాత్రికి రాత్రి ఎత్తుకుపోయేవారు. దొంగతనం అనేవారు కాదు, పెళ్లికూతుర్ని తీసుకెళ్లడం లెక్క. అందుకే కొన్ని రాళ్ల వెనక ‘ఒబిదై’ ఇంత అని మొత్తం చెక్కి ఉంటుంది. ఒబి అంటే నడుముకు చుట్టే పట్టీ, ఒబిదై పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ము. ఎత్తుకెళ్లేది మీ ఇష్టం, ముందు ఓలి లెక్క చూసుకోండి అన్నట్టు!

జనవరి 15 ప్రాంతంలో కొత్త సంవత్సరపు అలంకారాలన్నీ ఈ రాళ్ల దగ్గర కుప్పపోసి తగలబెడతారు. నొజవ ఒన్సెన్ అనే ఊళ్లో ఈ మంటల పండుగ చాలా పెద్దది.

కళ్లు, చెవులు, నోరు మూసుకున్న మూడు కోతులు రాతి మీద ఎందుకున్నాయి?

అది ‘కోషిన్’ రాయి. మనిషి ఒంట్లో మూడు పురుగులుంటాయనీ, అరవై రోజులకొకసారి వచ్చే కోషిన్ రాత్రి మనిషి నిద్రపోతే అవి బయటపడి స్వర్గానికి పోయి అతడి తప్పులన్నీ చాడీలు చెబుతాయనీ చైనా తావో మతం నుంచి వచ్చిన నమ్మకం. దీనికి విరుగుడు నిద్రపోకపోవడమే. ఊరివాళ్లంతా ఒకరి ఇంట చేరి, తిని, తాగి, కబుర్లతో తెల్లవార్లూ కూర్చునేవారు. మూడేళ్లపాటు పద్దెనిమిదిసార్లు ఇలా జాగారం పూర్తి చేస్తే గుర్తుగా రాయి నిలబెట్టేవారు. శివరాత్రి జాగారం చేసేవాళ్లకు ఆ రాత్రి ఎలా సాగి ఉంటుందో సులువుగా ఊహకందుతుంది.

కోషిన్‌లోని ‘షిన్’ పన్నెండు జంతువుల చక్రంలో కోతి. కోతిని ‘సరు’ అంటారు. ‘జరు’ పాత జపనీస్‌లో వ్యతిరేకార్థక ప్రత్యయం. మిజరు, కికజరు, ఇవజరు: చూడని, వినని, చెప్పని. చాడీలు చెప్పే పురుగులకు విరుగుడుగా చెప్పని కోతి! జపనీస్ వ్యాకరణం నేర్చుకునేవారికి ఈ ప్రత్యయం పాఠ్యపుస్తకం కన్నా ఈ రాతి దగ్గరే బాగా గుర్తుండిపోతుంది.

ఎర్ర తొరీ, రెండు నక్కలు. జపనీయులు నక్కను పూజిస్తారా?

పూజించరు. దేవుడు ఇనారి, నక్క ఆయన దూత. వరి పంటకు దేవుడైన ఇనారి క్రమంగా వ్యాపారానికీ దేవుడయ్యాడు. క్యోటోలోని ఫుషిమి ఇనారి 711లో మొదలైందని చెబుతారు. దేశమంతటా సుమారు 30,000 ఇనారి గుళ్లున్నాయని లెక్క, ఇళ్ల పెరళ్లలోనూ మేడలమీదా ఉన్న చిన్నవి అందులో చేరవు. నక్క నోట్లో ఏముందో చూడండి. వరి కంకి, ధాన్యపు కొట్టు తాళంచెవి, చుట్టిన పత్రం, మణి, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. నూనెలో వేయించిన టోఫు ముక్కలంటే నక్కకు ఇష్టమని నైవేద్యం పెడతారు. ఆ టోఫు సంచిలో అన్నం కూరితే ‘ఇనారి-జుషి’. శాకాహారులకు జపాన్‌లో తరచు ఆకలి తీర్చేది ఇదేగానీ, సంచిని ఉడికించే రసంలో చేప ఉండవచ్చు, అడిగి తినండి.

ఎదొ నగరంలో ఎక్కడ చూసినా కనిపించేవి ‘ఇసెయ అనే పేరున్న దుకాణాలు, ఇనారి గుళ్లు, కుక్క పెంట’ అని ఒక పాత మాట. నగరం పేరు టోక్యోగా మారింది, మూడోది మాయమైంది. ఇనారి గుళ్లు మాత్రం ఖరీదైన దుకాణాలుండే గింజా పేటలో కూడా సందుల్లో మిగిలాయి.

కూడలిలోనూ కనుమలోనూ ఎక్కువగా ఎందుకుంటాయి?

భయం పుట్టే చోట్లు అవే కాబట్టి. భాషలోనే దీనికి సాక్ష్యం ఉంది. కూడలిని ‘త్సుజి’ అంటారు. దాని అక్షరంలో దారిని సూచించే భాగం మీద శిలువలాంటి పది అంకె కూర్చుంటుంది. కనుమ దారి ‘తోగె’, అక్షరంలో కొండ పక్కన ఎక్కడం, దిగడం. ఈ రెండు అక్షరాలూ చైనా నుంచి రాలేదు, జపాన్‌లోనే తయారయ్యాయి. ‘తోగె’ అనే మాట ‘తముకె’ నుంచి, అంటే సమర్పణ నుంచి వచ్చిందని చెబుతారు. కొండెక్కిన బాటసారి అక్కడ ఆగి, ఇక ముందు దారి కూడా క్షేమంగా సాగాలని గుడ్డపీలికో మరేదో సమర్పించేవాడు.

ఇప్పుడు గుర్రాలు లేవు, కార్లున్నాయి. ప్రమాదం జరిగి ఎవరైనా చనిపోయిన మలుపులో కొత్త జిజో వెలుస్తుంది.

మొక్కేటప్పుడు చప్పట్లు కొట్టాలా?

షింటో దేవుడైతే రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. బుద్ధుడో బోధిసత్వుడో అయితే చప్పట్లు వద్దు, చేతులు జోడించి తల వంచితే చాలు. తొరీ ఉంటే షింటో, మెడలో గుడ్డ ఉన్న గుండు తల అయితే బౌద్ధం అని గుర్తుపెట్టుకోండి. నక్కలున్న కొన్ని గుళ్లు బౌద్ధమే కావడం, జిజో ముందు తొరీ ఉండడం కూడా చూస్తారు. అప్పుడు పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూసి అదే చేయండి.

నేను క్యోటోలో అడుగుపెట్టిన మొదటి వారంలో మా సందు జిజో ముందు ఫెళ్లున రెండు చప్పట్లు కొట్టాను. పక్కనే నీళ్లు చల్లుతున్న పెద్దావిడ చీపురు పట్టుకుని నవ్వింది. ‘ఒజిజోసన్‌కు చెవులు బాగానే వినిపిస్తాయండీ’ అంది.

చిల్లర ఎంత వేయాలి?

అయిదు యెన్లు. ‘గొ-ఎన్’ అంటే అయిదు యెన్లు, అదే ధ్వనితో ‘గొఎన్’ అంటే రుణానుబంధం. నాణెం మధ్యలో చిల్లు ఉంటుంది, పడ్డప్పుడు మోత కూడా తేలిక. పది యెన్లు వేస్తే ‘తో-ఎన్’, అంటే దూరపు బంధం అవుతుందని కొందరు వద్దంటారు. ఎవరో పెట్టిన సాకె కప్పులు, మిఠాయిలు ఎంత వరసగా ఉన్నా ముట్టుకోవద్దు.

వీటిని ఎవరు చూసుకుంటారు?

నన్నడిగితే, ఈ గుళ్ల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. దేవుడి పేరు తెలియకపోయినా పరవాలేదు, నీళ్లు మార్చేదెవరో తెలిస్తే గుడి సంగతి సగం తెలిసినట్టే. పూజారి ఉండడు. వీధివాళ్లే వంతులేసుకుంటారు. మా సందులో ‘వంతు’ అని రాసిన చిన్న చెక్క పలక ఉండేది. అది ఎవరి గుమ్మానికి వేలాడితే ఆ వారం వాళ్లది. నన్ను చూసి నవ్విన ఆవిడ వంతు వచ్చినప్పుడు నేను కిటికీలోంచి గమనించేవాణ్ని. ముందు పాత పూలు తీసేది. తాటిపీచు లాంటి గట్టి నారతో చేసిన ముద్ద బ్రష్షుతో విగ్రహం చెవి వెనక నాచు గోకేది, పసివాడికి స్నానం చేయించేటప్పుడు గడ్డం పట్టుకున్నట్టు ఎడమచేత్తో పట్టుకుని. తడిసిన ఎర్రగుడ్డను పిండి, సొంత బట్టల పక్కనే బాల్కనీలో క్లిప్పు పెట్టి ఆరేసేది. చివర చిల్లర డబ్బీ తెరిచి, నాణేలు లెక్కపెట్టి ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. ఆ లెక్క ఆగస్టులో తేలుతుంది.

ఆగస్టు 23, 24 ప్రాంతంలో క్యోటో వీధుల్లో ‘జిజో-బొన్’ జరుగుతుంది. పిల్లల పండుగ. విగ్రహాన్ని కడిగి, కొన్నిచోట్ల ముఖానికి తెల్లరంగు పూసి అలంకరిస్తారు. పిల్లల పేర్లు రాసిన కాగితపు లాంతర్లు వరసగా వేలాడతాయి. చాపలు పరిచి పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, అందరి చేతుల్లోంచీ సాగేంత పొడవైన జపమాలను మంత్రం చదువుతూ తిప్పిస్తారు. పెద్ద పూస తన ముందుకు వచ్చినవాడు దాన్ని నుదుటికి ఆనించుకుంటాడు. తర్వాత మిఠాయిలు, చీటీల ఆట. పాత వీధుల్లో మేడపైనుంచి బుట్టలో బహుమతులు కిందికి దించే ఆనవాయితీ కూడా ఉండేది.

కొత్త అపార్టుమెంట్లు వచ్చి, జిజో లేని వీధులవాళ్లు ఏం చేస్తారనే సందేహం రావచ్చు. మిబు-దెర అనే గుడి పండుగ రోజులకు జిజో విగ్రహాలను అరువిస్తుంది. పని అయ్యాక తిరిగి అప్పగించాలి.

ఈ గుళ్లున్న స్థలం ఎవరిది?

ఇంటివాళ్లది, వీధి సంఘానిది, గుడిది, కొన్నిసార్లు ప్రభుత్వానిది. ప్రభుత్వానిదైతే తగువు వస్తుంది, ఎందుకంటే జపాన్ రాజ్యాంగం మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేసింది. ఒసాకా నగరం తన ఇళ్ల సముదాయపు స్థలంలో జిజో విగ్రహానికి ఉచితంగా చోటివ్వడం తప్పు కాదని సుప్రీంకోర్టు 1992లో తీర్పిచ్చింది. అదే కోర్టు 2010లో హొక్కైదోలోని సునగవ నగరం ఒక షింటో గుడికి ఉచితంగా స్థలం ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమంది. ఒసాకా జిజోను కోర్టు మతం కన్నా వీధి ఆచారంగానే ఎక్కువగా చూసింది. మా సందు ఆవిడను అడిగినా అదే చెప్పేది.

కదిలిస్తే శాపం తగులుతుందా?

‘ముట్టుకోని దేవుడి శాపం తగలదు’ అని జపనీస్ సామెత. నమ్మినా నమ్మకపోయినా, నిర్మాణ కంపెనీలు పూజారిని పిలిచి దేవుణ్ణి సాగనంపే పూజ చేయించకుండా హొకొర మీద చేయి వేయవు. అందరూ చెప్పే ఉదాహరణ హనెద విమానాశ్రయానిది. 1945లో అమెరికన్ సైన్యం అక్కడి నివాసులను ఉన్నపళంగా ఖాళీ చేయించింది. అనమొరి ఇనారి గుడి పోయింది, ఎర్ర తొరీ ఒక్కటి మిగిలింది. దాన్ని తీయబోతే ప్రమాదాలు జరిగాయన్న పుకారు పాకి, దశాబ్దాలపాటు అది కార్లు నిలిపే స్థలంలో ఒంటరిగా నిలబడింది. 1999లో కొద్ది దూరం జరిపారు. ఇప్పటికీ ఉంది.

2024లో జపాన్ ఇంటర్నెట్‌లో ‘ఆ హొకొరను పగలగొట్టింది నువ్వా?’ అని ఊరి ముసలాయన గద్దించే జోకు తెగ తిరిగింది. భయం కథల్లో అరిగిపోయిన సన్నివేశాన్ని వెక్కిరించడమే అందులోని హాస్యం. దానివల్ల హొకొర అనే మాట పట్నం కుర్రకారు నోళ్లలో కూడా నానింది.

తల లేని విగ్రహాలు ఎందుకు కనిపిస్తాయి?

1868లో కొత్త ప్రభుత్వం షింటోను బౌద్ధం నుంచి వేరు చేయమంది. ఆ ఊపులో జనం చాలాచోట్ల బౌద్ధ విగ్రహాలను పగలగొట్టారు, దారి పక్క జిజోల తలలు తెగాయి. 1906 నుంచి దెబ్బ షింటో గుళ్ల మీద పడింది. ఊరికి ఒక్క గుడి చాలంటూ చిన్నవాటిని పెద్దవాటిలో కలిపేశారు. సుమారు రెండు లక్షల గుళ్లలో 70,000 దాకా కొన్నేళ్లలోనే అంతరించాయి. మియె, వకయమ ప్రాంతాలు ఎక్కువగా నష్టపోయాయి.

గుడి పోతే దాని చుట్టూ ఉన్న చెట్లను నరికి అమ్ముకునేవారు. దీన్ని ఎదిరించినవాడు వకయమకు చెందిన మినకత కుమగుసు. జానపద విజ్ఞానంతో పాటు చెట్ల మొదళ్లలో పెరిగే జిగురు బూజులను పరిశోధించిన మనిషి. 1910లో అధికారుల సభలోకి దూసుకెళ్లి గొడవ చేసి కొన్నాళ్లు నిర్బంధంలో ఉన్నాడు. ఆయన కాపాడిన కషిమ అనే చిన్న దీవికి 1929లో చక్రవర్తి స్వయంగా వచ్చాడు. మినకత ఆయనకు బూజు నమూనాలను మిఠాయి పెట్టెల్లో పెట్టి సమర్పించాడు.

ఈ దేవుళ్లతో ఉన్న సామెతలు చెప్పండి.

నాకు ఇష్టమైనది ఒక్కటి చాలు. ‘అప్పు తీసుకునేటప్పుడు జిజో ముఖం, తిరిగి ఇచ్చేటప్పుడు ఎన్మ ముఖం.’ యముడు ఎవరో తెలిసిన మనకు దీనికి టీకా అక్కరలేదు.

గోడ అడుగున అరచేయంత ఎర్ర తొరీ గీసి ఉంది. అదీ గుడేనా?

కాదు. గోడ దగ్గర మూత్రం పోయకుండా, చెత్త పడేయకుండా పెట్టిన ఏర్పాటు. మన ఊళ్లలో ఇదే పనికి గోడల మీద అన్ని మతాల దేవుళ్ల టైల్సూ వరసగా అతికిస్తాం. జపాన్‌వాళ్లు దేవుణ్ణి పిలవకుండా ఆయన గుమ్మం ఒక్కటి గీసి ఊరుకుంటారు. మా సందు చివరి గోడ మీద గీసిన తొరీ ముందు ఎవరో ఒకసారి అయిదు యెన్ల నాణెం పెట్టి వెళ్లారు. వంతు పలక ఉన్నవాళ్లు దాన్ని తీసి జిజో డబ్బీలో వేశారు.